గొంతు మళ్ళీ పలికేదాకా – 4వ పాఠం: నొక్కితే పలకదు

థైరాయిడ్ ఆపరేషన్‌లో నరం దెబ్బతిని, ఒక పక్క స్వరతంత్రి (గొంతులో అదిరి మాట పుట్టించే మడత) కదలక గొంతు పోయినవాళ్ళకి ఈ పాఠాలు. పోయిన పాఠంలో నీళ్ళ గ్లాసులో స్ట్రా ముంచి 'ఊ' అంటూ బుడగలు ఊదే సాధన ఇచ్చాను. తిరిగొచ్చిన ఫిర్యాదులు రెండే: "బుడగలొస్తున్నాయి గానీ గొంతు లేవట్లేదు", "కాసేపటికే మెడ పట్టేస్తోంది". ఇవి సర్దుకోకుండా వాక్యాల్లోకి వెళ్తే లాభం లేదు.

మెడ పట్టేయడానికి కారణం లోతు. స్ట్రా కొస ఎన్ని సెంటీమీటర్లు మునిగితే అన్ని సెంటీమీటర్ల నీటి ఒత్తిడిని ఊపిరి నెట్టాలి. మామూలు మాటకి కావలసింది 5 నుంచి 10. గ్లాసు అడుగుదాకా ముంచితే ఆ బలమంతా బుడగలకే సరి. 2 సెంటీమీటర్లు చాలు. కొబ్బరిబొండాంలో వేసే లావు స్ట్రా తీసుకోండి. జ్యూస్ ప్యాకెట్టుకి అంటించి ఇచ్చే సన్నది వద్దు.

బుడగలే వస్తున్నవాళ్ళు కంఠముడి మీద రెండు వేళ్ళు ఆనించండి. 'ఊ' అంటున్నప్పుడు వేళ్ళకి అదురు తెలియాలి. తెలియకపోతే మీరు ఊదుతున్నారంతే. స్ట్రా పక్కన పెట్టి, పెదాలు మూసి 'మ్' అనండి. అదురు దొరికాక మళ్ళీ గ్లాసు.

ఇక అసలు చిరాకు. "గట్టిగా అరువు, నరం అదే లేస్తుంది" అని ఇంట్లోవాళ్ళు చెప్పడం, మీరు గోడ నెడుతూ 'ఆ!' అనడం. థైరాయిడ్ ఆపరేషన్‌లో దెబ్బతిన్న నరం మళ్ళీ పెరిగేదుంటే రోజుకి సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. అరుపుతో ఆ లెక్క మారదు. కదలని తంత్రి పక్కకి ఉండిపోయి మధ్యలో సందు మిగులుతుంది. గొంతు బిగించి నొక్కితే ఆ సందు మూయడానికి అసలు తంత్రులకి పైనున్న దొంగ తంత్రులు (మామూలు మాటకి పనిలేని మడతలు) దగ్గరికొచ్చి రాసుకుంటాయి. గొంతు వచ్చినట్టే ఉంటుంది, కానీ గరగర. అలవాటైతే నరం కోలుకున్నా గరగర ఉండిపోవచ్చు. అద్దంలో చూడండి: మాట మొదలయ్యే క్షణంలో మెడ పక్క కండరాలు తాళ్ళలా లేస్తే మీరు నొక్కుతున్నట్టే. గుసగుసా పరిష్కారం కాదు, చాలామందికి అందులోనూ అదే బిగుతు.

అందుకే మాట మొదటి అక్షరం ముఖ్యం. 'మ', 'న' లతో మొదలైతే గొంతు మెత్తగా అందుకుంటుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్ళ, నది పేర్లే తీసుకోండి: మందస, మెంటాడ, మెళియాపుట్టి, నెల్లిమర్ల, నరసన్నపేట, నాగావళి. మొదటి అక్షరాన్ని ఒక క్షణం సాగదీయండి: న్న్‌నాగావళి. అచ్చుతో మొదలయ్యేవి ఉచ్చులు: ఆముదాలవలస, ఇచ్ఛాపురం, ఎచ్చెర్ల. గొంతు టక్కున కొట్టుకుంటుంది. వీటికి ముందు చిన్న 'మ్' తగిలించండి: మ్‌ఆముదాలవలస. కొందరు 'హ' తో మొదలెట్టిస్తారు. ఊపిరి ముందే కారిపోతున్నవాళ్ళకి అది నాకు నచ్చదు, హిరమండలం ఆఖర్న పెట్టుకోండి.

తల ఒక పక్కకి తిప్పితే గొంతు తేటపడుతుందేమో చూడండి. చాలావరకు కదలని తంత్రి ఉన్న వైపుకి తిప్పితే పని చేస్తుంది. నీళ్ళు, టీ పొలమారేవాళ్ళకి ఇదే కిటుకు కొన్నిసార్లు మింగడానికీ పనికొస్తుంది. పల్చటి గంజి కంటే చిక్కటి చోడి (రాగి) అంబలి నయం. పొలమారడం తగ్గకపోయినా, జ్వరం తగిలినా డాక్టరుకి చూపించాలి. గాలి పీల్చేటప్పుడు కూత వినిపిస్తే సాధన ఆపి అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్ళండి.

సాధన: రోజుకి 5 సార్లు, 3 నిమిషాల చొప్పున. ముందు స్ట్రా, వెంటనే పై ఆరు పేర్లు. అవి అద్దం ముందు మూడు రోజులు వరసగా తాళ్ళు లేవకుండా వస్తేనే ఆముదాలవలస ముట్టుకోండి. బస్సుల హోరులో, జాతరలో మాత్రం చేయకండి. చుట్టూ చప్పుడుంటే తెలియకుండానే గొంతు పెంచేస్తారు.