ఇయర్ ఎండింగ్ రిపోర్టులు పంపేముందు: తేదీల వరుసతో జాగ్రత్త

పోయిన వారం మా టీమ్ నుంచి ఒక రిపోర్టు తప్పుడు అంకెలతో పైదాకా వెళ్ళిపోయింది. ఎర్రర్ రాలేదు, టోటల్స్ కూడా కలిశాయి. కాకపోతే అవి కిందటేడు జనవరివి! అన్నిటికన్నా కొత్త తేదీ డిఫాల్ట్‌గా రావాలని పారామీటర్‌కి (రిపోర్టు తెరిచేటప్పుడు తేదీ ఎంచుకునే గడి) మ్యాక్స్, అంటే అన్నిటికన్నా పెద్ద విలువ తెచ్చే ఫంక్షన్ పెట్టారు. ఆ మ్యాక్స్ పనిచేసింది తేదీ మీద కాదు, తేదీలా కనిపించే టెక్స్ట్ మీద. 31/01/2024, 05/03/2025 పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో మొదటి అక్షరం 3, రెండోదాంట్లో 0. పోలిక అక్కడితో అయిపోయింది, సంవత్సరం దాకా వెళ్ళనే లేదు.

ఎంతోమందిని ముంచిన తప్పు ఇంకొకటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లో బిల్‌డేట్ అనే తేదీ కాలమ్‌ని కన్వర్ట్‌తో 103 స్టైల్‌ (రోజు/నెల/సంవత్సరం) టెక్స్ట్‌లోకి మార్చి, దానికి మళ్ళీ బిల్‌డేట్ అనే ఏలియాస్ (మారుపేరు) పెడతారు. కింద వరుస పెట్టడానికి ఆర్డర్ బై బిల్‌డేట్ అని రాస్తారు. చదివితే అసలు కాలమ్ మీదే సార్ట్ అవుతోంది అనిపిస్తుంది. కానీ ఆర్డర్ బై ముందు చూసేది ఏలియాస్‌నే, అంటే టెక్స్ట్‌నే. టెస్ట్ డేటా ఒకే నెలదైతే వరుస చక్కగా కనిపిస్తుంది కూడా. రెండో నెల డేటా రాగానే 01/01 పక్కన 01/02 వచ్చి కూర్చుంటుంది.

అందుకే ఏలియాస్‌కి వేరే పేరు పెట్టండి. ఆర్డర్ బైలో టేబుల్ పేరుతో సహా అసలు డేట్ కాలమ్ రాయండి.

క్వెరీలో డిస్టింక్ట్ (ఒకేలాంటి వరుసల్ని ఒక్కసారే చూపించేది) ఉంటే సర్వర్ ఇలా రాస్తే ఒప్పుకోదు, సెలెక్ట్‌లో లేని కాలమ్‌తో సార్ట్ చెయ్యలేనని ఎర్రర్ ఇస్తుంది. చాలామంది జారేది ఇక్కడే: ఎర్రర్ పోవాలని ఆర్డర్ బైలో కూడా కన్వర్ట్ పెట్టేస్తారు. వద్దు. డిస్టింక్ట్ తీసేసి, అసలు తేదీ మీద గ్రూప్ బై చేసి (ఒకే తేదీవన్నీ ఒక వరుసగా కలిపి), దాని మీదే సార్ట్ చెయ్యండి. కాలమ్‌లో టైమ్ కూడా ఉంటే ముందు డేట్‌గా కాస్ట్ చెయ్యాలి (టైమ్ తీసేసి తేదీగా మార్చాలి), లేకపోతే ఒకే రోజు పదిసార్లు వస్తుంది. పారామీటర్‌కి రెండు కాలమ్‌లు ఇవ్వండి: వాల్యూకి అసలు తేదీ, లేబుల్‌కి టెక్స్ట్.

ఇక మిగతావి.

- నెల పేర్లతో సార్ట్ చెయ్యొద్దు. ఇంగ్లీషు అక్షర క్రమంలో ఏప్రిల్ ముందు, సెప్టెంబర్ చివర వస్తాయి.
- వేర్ క్లాజ్‌లో (ఏ వరుసలు కావాలో చెప్పే షరతులో) తేదీ కాలమ్‌ని టెక్స్ట్‌గా కన్వర్ట్ చెయ్యొద్దు. త్వరగా వెతకడానికి ఉన్న ఇండెక్స్ పనికిరాకుండా పోతుంది, పోలిక కూడా తప్పుతుంది.
- టెక్స్టే తప్పదంటే 112 స్టైల్ (సంవత్సరం, నెల, రోజు): 20250305.
- ముగింపు తేదీకి 23:59:59.999 పెట్టొద్దు. డేట్‌టైమ్ రకం కాలమ్ దాన్ని మర్నాటి అర్ధరాత్రికి రౌండ్ చేస్తుంది. మర్నాటి తేదీ కంటే తక్కువ అని రాయండి.
- వ్యూ (పేరు పెట్టి దాచుకున్న క్వెరీ) లోపలి ఆర్డర్ బైని నమ్మొద్దు. బయటి క్వెరీలో రాయండి.
- మ్యాక్స్, మిన్ అసలు డేట్ కాలమ్ మీదే.
- సార్ట్ అసలు డేట్ కాలమ్ మీదే!
- ఒక నెల డేటాతో టెస్ట్ చేసి వదిలెయ్యొద్దు. 31/01/2024, 02/12/2024, 10/01/2025, 05/03/2025 ఈ నాలుగూ వేసి చూడండి. ఇదే వరుసలో రాకపోతే రిపోర్టు పంపొద్దు.