బిర్యానీ చల్లారకముందే

క్రిస్మస్ ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చేసరికి ఒంటిగంట దాటుతుంది. భోజనాల ముందు దేవుడికి కృతజ్ఞతలు చెప్పమంటే "నువ్వు చెప్పు, నువ్వు చెప్పు" అని అందరూ నసుగుతారు. చివరికి మొదలుపెట్టిన మావయ్య ఇరవై నిమిషాలకు గానీ ఆపరు. ఈలోగా బిర్యానీ చల్లారిపోతుంది, పిల్లలు వేళ్లతో అంచులు గోకుతుంటారు.

ఇప్పుడు మేం డిసెంబరు 1నే ఫ్రిజ్ మీద ఖాళీ హార్లిక్స్ సీసా పెడుతున్నాం. పక్కన పాత క్యాలెండర్ కాగితం ముక్కలు, ఒక పెన్ను. కృతజ్ఞత చెప్పాల్సింది ఏదైనా గుర్తొచ్చినప్పుడు ఒక్క వాక్యం రాసి అందులో వేయాలి. "నాన్నకి షుగర్ తగ్గింది", "బోరులో నీళ్లు పడ్డాయి". మా చిన్నోడైతే "లెక్కల్లో 36 వచ్చాయి" అని రాశాడు, వాడికి అదే పెద్ద అద్భుతం మరి.

25న తలా ఒక చీటీ తీసి చదువుతారు. ప్రతి చీటీకీ అందరూ కలిసి "ఆయన కృప నిరంతరముండును" అంటారు. బైబిల్లోని 136వ కీర్తనలో 26 వచనాలూ అలాగే ముగుస్తాయి కాబట్టి పిల్లలకీ నోటికొచ్చేస్తుంది. ఆఖర్న మావయ్యది చిన్న ప్రార్థన. పదిమందికి ఐదు నిమిషాలు చాలు. అప్పటిదాకా గిన్నె మూత మాత్రం తీయకండి.

ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే, వాళ్ల దగ్గరివాళ్లని చదవమని బలవంతపెట్టొద్దు. మాకు ఒకసారి అలాగే అయింది, అత్తయ్య మధ్యలోనే లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. ఇరవైమంది దాటితే ఇంటికొక చీటీ చాలు.