ఏఐ వచ్చేసింది కదా, రేడియాలజీ తీసుకోవచ్చా? తేల్చుకోవడం ఎలా?

కాకినాడైనా అమలాపురమైనా, హౌస్ సర్జన్ల గదిలో పీజీ మాట వస్తే ఎవరో ఒకరు అనేస్తారు: "రేడియాలజీయా? ఇంకొన్నేళ్లలో కంప్యూటరే రిపోర్టు ఇచ్చేస్తుందిరా." అక్కడి నుంచి టెన్షన్. కోనసీమలో స్కానింగులు చేస్తూ, జబ్బేంటో చెబుతూ రేడియాలజిస్టుగా బతుకుతున్నవాడిగా నాకు తోచిన దారి చెబుతాను.

ముందు, ఆ భయం ఎక్కడ పుట్టిందో చూడండి. 2016లో ఏఐకి పునాది వేసినవాళ్లలో ఒకడైన శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్, రేడియాలజిస్టులను తయారు చేయడం ఇక ఆపేయాలన్నాడు. ఐదేళ్లలో, మహా అయితే పదేళ్లలో యంత్రమే వాళ్లకంటే బాగా చేస్తుందని ఆయన లెక్క. 2024లో ఆయనకు ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. రేడియాలజీ సీట్లు మాత్రం కౌన్సెలింగ్‌లో ఇప్పటికీ మొదట్లోనే అయిపోతున్నాయి. 2020లో వచ్చిన ఒక బ్రిటన్ సర్వేలో 484 మంది వైద్య విద్యార్థుల్ని అడిగితే, ఏఐ వల్ల ఈ బ్రాంచి మీద మోజు తగ్గిందని 49 శాతం చెప్పారు. ఏఐ గురించి కాస్తయినా పాఠం విన్నవాళ్లు 45 మందే. వాళ్లు మాత్రం మిగతావాళ్ల కంటే రేడియాలజీ వైపు ఎక్కువ మొగ్గారు. నాకు ఆసక్తిగా అనిపించింది ఈ ముక్కే.

తర్వాత, ఒక పూట స్కానింగ్ గదిలో కూర్చోండి. వార్తలు చదవడం కంటే ఇదే ముఖ్యం. మొన్న కొబ్బరి దింపు తీసే తాతగారొకరు కడుపునొప్పితో వచ్చారు. పిత్తాశయంలో తెల్లగా ఏదో కనిపించింది. "ఎడమ పక్కకు తిరిగి ఊపిరి బిగబట్టండి తాతగారూ" అన్నాను. "ఎంతసేపండి బాబూ?" అంటూనే తిరిగారు. ఆ తెల్లటిది దొర్లి కిందికి జారింది. రాయి! కదలకపోతే పాలిప్ (గోడకు అంటుకుని పెరిగే చిన్న కండ) అనుకోవాల్సి వచ్చేది. బొమ్మ చూడటం ఇందులో సగం పనే. రెండో సగం మనిషిని కదిలించి, మాట్లాడించి రాబట్టాలి.

మూడోది, ఏఐ ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ బోల్తా పడుతుందో తెలుసుకోండి. టీబీ కోసం ఛాతీ ఎక్స్‌రేలు జల్లెడ పట్టడానికి, పదిహేనేళ్లు దాటినవాళ్లకు దీన్ని వాడవచ్చని డబ్ల్యూహెచ్‌ఓ 2021లోనే చెప్పింది. మరోపక్క, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా లేదా కనిపెట్టాల్సిన ప్రోగ్రాములు కొన్ని, ఆ గాలి తీయడానికి వేసిన గొట్టాన్ని చూసి "ఉంది" అనేస్తున్నాయని తేలింది. గొట్టం ఉందంటే జబ్బు అప్పటికే దొరికినట్టే కదా! గొట్టం పడని రోగి విషయంలోనే అసలు సాయం కావాలి.

చీకటి గదిలో గంటల తరబడి కూర్చోగలరా అన్నది మీరే చూసుకోవాలి. ఆప్షన్లు పెట్టే ముందు రాత్రి కాదు, హౌస్ సర్జన్సీలో ఉండగానే.

ఇంట్లోవాళ్లకు మాత్రం ఓపిగ్గా చెప్పుకోవాలి. మా అమ్మ ఇప్పటికీ చుట్టాలతో "మావాడు ఎక్స్‌రేలు తీస్తాడండి" అనే చెబుతుంది.