గేర్‌బాక్స్ దింపే ముందు క్లచ్ పెడల్‌తో ఒక పరీక్ష

పాత లారీలో గేర్‌బాక్స్ దగ్గర కుయ్‌మనో గరగరమనో శబ్దం వస్తే వెంటనే బాక్స్ దింపేద్దాం అంటారు, కానీ ఆ ఖర్చుకు ముందు ఐదు నిమిషాలు ఇది చేసి చూడండి. బండిని చదునైన చోట ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజిన్ ఐడిల్‌లో ఉంచండి.

పెడల్ వదిలి ఉన్నప్పుడు శబ్దం వచ్చి, పూర్తిగా తొక్కి కొన్ని సెకన్లు ఆగితే పోతోందా? అయితే అనుమానం ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజిన్ తిప్పే బలాన్ని బాక్స్‌లోకి తెచ్చేది) లేదా కౌంటర్ షాఫ్ట్ (దాంతో పాటు లోపల తిరిగే పక్క షాఫ్ట్) బేరింగ్ మీద. తొక్కినప్పుడే మొదలైతే ఎక్కువగా క్లచ్ రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ను విడదీసేది), అంటే గేర్‌బాక్స్ లోపలి భాగాలు బాగానే ఉండొచ్చు. తర్వాత నడిపి చూడండి. ఒక్క గేర్‌లోనే అరిస్తే ఆ గేర్ పళ్లు, అన్నింట్లో అరిచి డైరెక్ట్ గేర్‌లో (1:1, అంటే ఇంజిన్ వేగమే నేరుగా బయటికి వెళ్లే గేర్) తగ్గితే కౌంటర్ షాఫ్ట్ వైపు.

వీటన్నింటికంటే ముందు ఆయిల్ చూడాలి, నేను ఇది మర్చిపోయి ఒకసారి అనవసరంగా టెన్షన్ పడ్డాను. ఇంజిన్ ఆపి, చల్లారాక బాక్స్ పక్కనున్న ఫిల్లర్ ప్లగ్ (ఆయిల్ పోసే రంధ్రం మూత) విప్పి వేలు పెడితే, చాలా బాక్సుల్లో ఆయిల్ రంధ్రం అంచు దాకా ఉండాలి. వేలికి కొద్దిగా మెరిసే సన్నని రజను అంటితే సరే, ముక్కలు తగిలితే బండి నడపకండి.

ఒక్క జాగ్రత్త: బండి వేగాన్ని బట్టి మాత్రమే మారే శబ్దానికి ఈ పరీక్ష పనికిరాదు, అది ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి ఇరుసుకు వెళ్లే షాఫ్ట్) జాయింటో, డిఫరెన్షియలో (ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె), వీల్ బేరింగో కావచ్చు.