మట్‌లో ఫ్రమ్ అడ్రస్ సరిగ్గా పెట్టడం ఎలా?

మట్ అంటే లైనక్స్ టెర్మినల్‌లో కీబోర్డుతో నడిచే మెయిల్ ప్రోగ్రాం. అందులో మెయిల్ చదవడం ఎవరికైనా తొందరగానే వస్తుంది. బోల్తా పడేది పంపే దగ్గర. అమీర్‌పేటలో లైనక్స్ కోర్సు చేసి మాదాపూర్‌లో సర్వర్ల పనిలో చేరిన కుర్రాళ్లు నా దగ్గరికి తెచ్చే గొడవ ఎప్పుడూ ఒకటే: "అన్నా, మెయిల్ పంపాను, వాళ్లకు రాలేదంట." చూస్తే ఫ్రమ్ దగ్గర, అంటే పంపినవాళ్ల అడ్రస్ ఉండాల్సిన చోట, లాగిన్ పేరు, దాని పక్కన ల్యాప్‌టాప్ పేరు ఉంటాయి. మనమేమీ చెప్పకపోతే మట్ ఆ రెండూ అతికించి అడ్రస్ తయారుచేసేస్తుంది. ఊరూ పేరూ లేని అడ్రస్‌ని అవతలి సర్వర్ ఎందుకు నమ్ముతుంది?

ముందు సరంజామా. ఉబుంటు అయితే ఆప్ట్ ఆదేశంతో మట్, మెయిల్‌ని సర్వర్‌కి పంపిపెట్టే చిన్న ప్రోగ్రాం ఎమ్‌ఎస్‌ఎమ్‌టీపీ, రెండూ ఎక్కించండి. జీమెయిల్ వాడేవాళ్లు టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, ఇలాంటి ప్రోగ్రాముల కోసం గూగుల్ విడిగా ఇచ్చే యాప్ పాస్‌వర్డ్ తీసుకోండి. మామూలు పాస్‌వర్డ్‌తో ఇలాంటి ప్రోగ్రాములు లాగిన్ అయ్యే వెసులుబాటును 2022 మేలోనే తీసేశారు. ఇక్కడ నేను తెలుగులో రాస్తున్న సెట్టింగుల పేర్లన్నీ ఫైల్లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. అండర్‌స్కోర్ అన్నచోట ఆ గీత పెట్టాలి.

మట్‌లోనే ఎస్‌ఎమ్‌టీపీ (మెయిల్ పంపే పద్ధతి) ఉంది కదా, ఇంకో ప్రోగ్రాం ఎందుకని అడుగుతారు. ఉంది, పని కూడా చేస్తుంది. కానీ పాస్‌వర్డ్, సర్వర్ వివరాలు మట్ ఫైల్లో ఇరుక్కుపోతాయి. రేపు రాత్రి బ్యాకప్ స్క్రిప్టు మెయిల్ పంపాలంటే మళ్లీ మొదటికొస్తుంది. పంపే పని ఎమ్‌ఎస్‌ఎమ్‌టీపీదే. ఇందులో నాతో వాదించకండి.

హోమ్ డైరెక్టరీలో డాట్ ఎమ్‌ఎస్‌ఎమ్‌టీపీ ఆర్‌సీ అనే ఫైల్ పెట్టి, ఒక్కో ఖాతాకు హోస్ట్, పోర్ట్ 587, టీఎల్ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా చేసే రహస్య లిపి) ఆన్, ఆథ్ (లాగిన్) ఆన్, యూజర్, పాస్‌వర్డ్, ఫ్రమ్ రాయండి. ఫ్రమ్ మాత్రం మర్చిపోవద్దు, తర్వాత దానితో పని పడుతుంది. ఏ ఖాతా డిఫాల్టో కూడా చెప్పండి. ఫైల్ పర్మిషన్ 600. పాస్‌వర్డ్ ఉన్న ఫైల్ వేరేవాళ్లు చదవగలిగేలా ఉంటే ఎమ్‌ఎస్‌ఎమ్‌టీపీ పని చేయనని మొండికేస్తుంది, అది మన మంచికే.

ఇప్పుడు మట్ సెట్టింగుల ఫైల్, డాట్ మట్ ఆర్‌సీ. సెట్ ఫ్రమ్ అని రాసి అడ్రస్ ఇవ్వండి, ఉత్త అడ్రస్ మాత్రమే. పేరు సెట్ రియల్‌నేమ్‌లో వేరుగా ఇవ్వండి. రెండూ కలిపి ఒకేచోట కుక్కేవాళ్లను చూస్తే నాకు చిరాకు. మన పేర్లకు ముందు ఇంటిపేరు అక్షరం, పక్కన చుక్క ఉంటుంది కదా, హెడర్‌లో (మెయిల్ పైభాగంలో ఫ్రమ్, టూ లాంటివి ఉండే లైన్లలో) ఆ చుక్క ఉంటే పేరును కోట్స్‌లో పెట్టాలి. రియల్‌నేమ్‌లో రాస్తే ఆ కోట్స్ సంగతి మట్ చూసుకుంటుంది. సెట్ సెండ్‌మెయిల్ అని ఎమ్‌ఎస్‌ఎమ్‌టీపీ ఎక్కడుందో చూపించండి. చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు.

కవరు మీది అడ్రస్

ఆబిడ్స్ జీపీఓలో ఉత్తరం వేస్తే కవరు మీద ఒక ఫ్రమ్ అడ్రస్, లోపల కాగితం మీద ఇంకొకటి ఉంటాయి. ఉత్తరం చేరకపోతే పోస్ట్‌మ్యాన్ కవరు మీద ఉన్న అడ్రస్‌కే తిప్పి తెస్తాడు. మెయిల్‌లోనూ అంతే. మీరు సెట్ ఫ్రమ్‌లో మార్చింది లోపలి కాగితం. కవరును ఎన్వలప్ సెండర్ అంటారు. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటప్పుడు లోపలి ఉత్తరం కంటే ముందే దాన్ని చెప్పుకుంటాయి.

స్పామ్‌ని ఆపే ఎస్‌పీఎఫ్ తనిఖీ ఈ కవరు అడ్రస్‌లోని డొమైన్‌కే (అడ్రస్‌లో ఎట్ గుర్తు తర్వాతి భాగానికి) జరుగుతుంది: ఆ డొమైన్ పేరు మీద మెయిల్ పంపే అనుమతి ఈ సర్వర్‌కి ఉందా అని. డీమార్క్ అనే ఇంకో తనిఖీ మరో అడుగు ముందుకెళ్తుంది. ఎస్‌పీఎఫ్ పాసైన డొమైన్ గానీ, పంపే సర్వర్ మెయిల్‌కి పెట్టే డీకిమ్ అనే డిజిటల్ సంతకంలోని డొమైన్ గానీ, లోపలి ఫ్రమ్ డొమైన్‌తో కలవాలంటుంది. కవరు మీద ఆఫీసు అడ్రస్, లోపల సొంత అడ్రస్ ఉంటే స్పామ్‌లో పడక ఏమవుతుంది? పైగా చేరని మెయిళ్లకు వచ్చే బౌన్స్, అంటే చేరలేదన్న తిరుగు కబురు కూడా కవరు అడ్రస్‌కే పోతుంది. అది మీరు తెరిచి చూడని పెట్టె అయితే మెయిల్ చేరలేదన్న సంగతి కూడా మీకు తెలియదు.

అందుకే ఈ లైను తప్పనిసరి: సెట్ యూజ్ అండర్‌స్కోర్ ఎన్వలప్ అండర్‌స్కోర్ ఫ్రమ్, విలువ యెస్. డిఫాల్ట్‌గా ఇది నో. యెస్ పెడితే మట్ లోపలి ఫ్రమ్‌లో ఉన్న అడ్రస్‌నే హైఫన్ ఎఫ్ అనే ఆప్షన్‌తో ఎమ్‌ఎస్‌ఎమ్‌టీపీకి అందిస్తుంది. ఎమ్‌ఎస్‌ఎమ్‌టీపీ ఆ అడ్రస్ ఏ ఖాతా ఫ్రమ్‌తో సరిపోతుందో చూసి ఆ ఖాతా నుంచే పంపుతుంది. ఇందాక ఫ్రమ్ మర్చిపోవద్దన్నది ఇందుకే.

ఇక్కడే ఒక గుంట ఉంది. ఎక్కడో చూసి కాపీ కొట్టిన సెండ్‌మెయిల్ లైనులో హైఫన్ ఏ, పక్కన ఖాతా పేరు ఉంటే వెంటనే పీకేయండి. అది ఉన్నంతకాలం ఫ్రమ్ ఏదైనా సరే, మెయిల్ ఆ ఒక్క ఖాతా నుంచే పోతుంది. దాని వల్ల ఆఫీసు సర్వర్‌లోంచి ఇంటి మెయిళ్లు పంపి, మేనేజర్ ముందు టెన్షన్ పడినవాళ్లను చూశాను. జీమెయిల్‌కి ఇంకో తిరకాసు ఉంది. తన సెట్టింగుల్లో ముందే ధ్రువీకరించుకోని అడ్రస్‌ని మీరు ఫ్రమ్‌లో పెడితే, దాన్ని తీసేసి మీ జీమెయిల్ అడ్రస్ పెట్టేస్తుంది. మట్‌ని తిట్టి లాభం లేదు.

సరిచూడకుండా లేవకండి. వేరే కంపెనీ మెయిల్ ఖాతాకు ఒకటి పంపి, అక్కడ పూర్తి హెడర్లు తెరవండి. రిటర్న్ పాత్ అన్న లైనులో కనిపించేదే కవరు అడ్రస్. అదీ, ఫ్రమ్ లైనులో ఉన్నదీ ఒకటే అయ్యుండాలి. మట్‌లోనే చూస్తుంటే హెచ్ నొక్కితే దాచిన హెడర్లు బయటికొస్తాయి.

రెండు అడ్రస్‌లు ఉన్నవాళ్లకు

ఆల్టర్నేట్స్ అనే ఆదేశం తర్వాత మీ అడ్రస్‌లన్నీ రాసి, సెట్ రివర్స్ అండర్‌స్కోర్ నేమ్ యెస్ చేయండి. ఏ అడ్రస్‌కి మెయిల్ వచ్చిందో జవాబు దాని నుంచే పోతుంది. మై అండర్‌స్కోర్ హెచ్‌డీఆర్ అనే ఆదేశంతో ఫ్రమ్ రాసే పాత అలవాటు మాత్రం మానండి, అది రివర్స్ నేమ్‌ని తొక్కేస్తుంది.

కొత్త మెయిళ్లకు సెండ్ హైఫన్ హుక్ అనే ఆదేశం ఉంది: ఫలానా వాళ్లకు రాస్తే ఫలానా ఫ్రమ్ అని చెప్పొచ్చు. కానీ హుక్ మార్చింది తనంతట తాను వెనక్కి రాదు. అన్నిటికంటే ముందు, అందరికీ వర్తించే హుక్ ఒకటి పెట్టి అందులో మామూలు ఫ్రమ్ ఇవ్వండి. లేకపోతే ఆఫీసు మెయిల్ తర్వాత అత్తగారికి రాసేది కూడా ఆఫీసు అడ్రస్‌తోనే పోతుంది.

ఎప్పుడో ఒకసారి మారిస్తే చాలనుకుంటే ఇవేమీ వద్దు. మెయిల్ రాశాక, పంపే ముందు వచ్చే తెరలో ఎస్కేప్ నొక్కి ఎఫ్ నొక్కండి. ఫ్రమ్ అక్కడికక్కడే మారుతుంది, పైన చెప్పిన ఎన్వలప్ ఫ్రమ్ లైను ఉంటే కవరు కూడా దానితోపాటే మారుతుంది.