ఐస్‌లాండ్ జలపాతాలకు రాత్రి తొమ్మిది తర్వాత వెళ్లండి

జూన్‌లో ఐస్‌లాండ్ వెళ్తున్నవాళ్లకు ఒక మాట. దక్షిణ తీరంలోని సెల్యాలాండ్స్‌ఫాస్ జలపాతాన్ని పగలు హడావిడిగా చూసేయకండి. ఆ నెలలో అక్కడ సూర్యుడు దాదాపు అర్ధరాత్రి దాకా అస్తమించడు. రాత్రి తొమ్మిది దాటాక వెళ్తే టూరిస్టు బస్సుల రద్దీ తగ్గిపోతుంది. పైగా ఈ జలపాతం పడమటి వైపు తిరిగి ఉంటుంది. సుమారు 60 మీటర్ల ఎత్తు నుంచి పడే ఆ నీటి తెర వెనక కాలిబాట ఉంది. అక్కడ నిలబడితే వాలుతున్న ఎండ నీటిలోంచి మన మీదికి పడుతుంది, ఒక్కో చుక్కా బంగారు పూసలా మెరుస్తుంది. ఎంతసేపు చూసినా తనివి తీరదు!

అయితే తడిసి ముద్దవుతారు. గొడుగు దండగ, గాలికి నిలవదు. రెయిన్ జాకెట్‌తో పాటు రెయిన్ ప్యాంటు కూడా వేసుకోండి, చాలామంది ప్యాంటు సంగతే మర్చిపోతారు. లెన్స్ తుడుచుకోవడానికి పొడి గుడ్డలు రెండు మూడు జిప్‌లాక్ కవర్లో పెట్టుకోండి. చలికాలంలో మంచు పేరుకుంటే ఆ వెనక బాట మూసేస్తారు.

అక్కడి నుంచే వెనుదిరగకండి. ఉత్తరం వైపు కొద్ది నిమిషాలు నడిస్తే కొండ చీలికలో గ్ల్యూఫ్రాబూయి అనే మరో జలపాతం దాక్కుని ఉంటుంది. వాగులోని రాళ్ల మీద అడుగులేస్తూ లోపలికి వెళ్లాలి. రాళ్లు జారతాయి, పట్టున్న బూట్లు తప్పనిసరి. నాకైతే పెద్దదానికన్నా ఇదే ఎక్కువ నచ్చింది.

అదే తీరంలోని స్కోగాఫాస్ జలపాతానికి మాత్రం ఎండ ఉన్నప్పుడే వెళ్లండి. సూర్యుడు మీ వీపు వైపు ఉంటే తుంపరలో ఇంద్రధనుస్సు కనిపిస్తుంది.