స్టాఫ్ రూంలో సమ్మె మాట వచ్చినప్పుడు

పింఛను కోసం సమ్మె నోటీసు ఇచ్చారని వాట్సాప్‌లో వచ్చిన రోజే మీటింగ్ పెట్టకండి. ఆ రోజు అందరూ వీరులే. నోటీసుకీ సమ్మెకీ మధ్య మామూలుగా 14 రోజులు ఉంటాయి కాబట్టి తొందరేం లేదు. నాలుగో రోజో ఐదో రోజో, లాంగ్ బెల్ కొట్టి పిల్లలు వెళ్ళాక ఒక ముప్పావు గంట పెట్టుకోండి. శనివారం మాత్రం వద్దు. మా బళ్ళో సగం మంది శ్రీకాకుళం నుంచి వచ్చిపోయేవాళ్ళే. శనివారం సాయంత్రం మనిషి కుర్చీలో ఉంటే మనసు బస్సులో ఉంటుంది.

నేను టెక్కలి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. మండల శాఖలో సంఘం పని మీద వేసుకుని ఆరేడేళ్ళయింది. పింఛను కోసం సమ్మె చేయాలా వద్దా అన్న మీటింగులు చాలా నడిపాను, ఒకటి నా నోటితోనే చెడగొట్టాను. కొత్తగా ఈ బాధ్యత నెత్తికెత్తుకున్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట ఎవరి అభిప్రాయమూ అడగొద్దు. "మీది ఏ డీఎస్సీ?" అని, అంటే ఏ ఏడాది టీచర్ల నియామకంలో వచ్చారని అడిగి, ఆ సంవత్సరాలు బోర్డు మీద రాయండి. మా స్టాఫ్ రూంలో 2004 సెప్టెంబరు 1 గోడలా ఉంటుంది. అంతకుముందు చేరినవాళ్ళకి పాత పింఛను, ఆ రోజు నుంచి చేరినవాళ్ళకి సీపీఎస్, అంటే నెలనెలా జీతంలోంచి వాటా కట్టే పింఛను పథకం. హెడ్‌మాస్టరు గారిది 1998, హిందీ మేడమ్‌ది 2001. ఇద్దరూ గోడకి అవతల. నాది 2003. నోటిఫికేషన్ పాత పింఛను రోజుల్లో వచ్చింది, ఉద్యోగంలో చేరింది మాత్రం 2005లో. అంటే గోడ మీదే కూర్చున్నాను. 2003 డిసెంబరు 22కి ముందు నోటిఫికేషన్ వచ్చిన పోస్టుల్లో చేరిన తన ఉద్యోగులకి పాత పింఛను ఎంచుకోమని కేంద్రం 2023 మార్చిలో ఒక మెమో ఇచ్చింది. మెమో 57 అంటే మా బ్యాచ్‌లో తెలియనివాళ్ళు ఉండరు. అది మాకూ వర్తింపజేయమని అడుగుతున్నాం. నాకు సమ్మె కన్నా ఆ మెమో మీదే ఆశ ఎక్కువ, దాచుకోవడమెందుకు. నా తర్వాత 2008, 2012, 2018 వాళ్ళున్నారు. చివర్న 2025 మెగా డీఎస్సీలో వచ్చిన ఇద్దరు, ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నారు. ఇలా సంవత్సరాలు రాసేసరికే ఎవరు ఎందుకు అలా మాట్లాడతారో సగం తెలిసిపోతుంది.

తర్వాత పే స్లిప్. నినాదాల్లోకి పోకముందే లెక్క చేయించండి. సీపీఎస్‌లో బేసిక్, డీఏ కలిపిన మొత్తంలో నెలకి 10 శాతం మన జీతంలోంచి పోతుంది, ప్రభుత్వం మరో 10 శాతం వేయాలి. బేసిక్, డీఏ కలిపి 80,000 అనుకుంటే మనది 8,000, వాళ్ళది 8,000. ఎవరి ప్రాన్ ఖాతా (ఈ వాటాలు చేరే పింఛను ఖాతా) వాళ్ళని ఫోన్లో తెరిచి చూసుకోమనండి. రెండు వాటాలూ ప్రతి నెలా పడ్డాయో లేదో అక్కడ కనిపిస్తుంది. మా బళ్ళో సమ్మె ఊసే వద్దన్న ఒక మాస్టారు, ఖాతాలో కొన్ని నెలల వాటా ఆలస్యంగా పడిందని చూసుకుని ఆ సాయంత్రం అందరికన్నా ఎక్కువ కేకలేశారు.

రిటైర్మెంటు నాటి లెక్క నేను బోర్డు మీద ఇలా వేస్తాను. ఖాతాలో 60 లక్షలు చేరాయనుకోండి. 60 శాతం, అంటే 36 లక్షలు చేతికి తీసుకోవచ్చు. మిగతా 24 లక్షలు పెట్టి యాన్యుటీ, అంటే నెలనెలా పింఛనులా డబ్బిచ్చే పాలసీ, కొనాలి. 6 శాతం చొప్పున వస్తే నెలకి 12,000. మామూలు యాన్యుటీలో అది ధరలతో పాటు పెరగదు. పాత పింఛనులో లక్ష బేసిక్ మీద పూర్తి సర్వీసుతో దిగిన మాస్టారికి 50,000, దాని మీద డీఆర్ (పింఛనుదార్లకిచ్చే కరువు భత్యం) పెరుగుతూ పోతుంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చాక్‌పీస్ కింద పెట్టేయండి. కాసేపు ఎవరూ మాట్లాడరు. అయితే 36 లక్షల్ని దాచేసి 12,000 ఒక్కటే చూపిస్తే అది మోసం. 2018 వాళ్ళు లెక్కల్లో మనకంటే చురుకు, పట్టేస్తారు.

జీపీఎస్, యూపీఎస్ కలిపేసి మాట్లాడేవాళ్ళు ప్రతి బళ్ళోనూ ఉంటారు. చివరి బేసిక్‌లో సగానికి హామీ అంటూ మన రాష్ట్రం 2023లో చేసిన చట్టం జీపీఎస్. 2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం తన ఉద్యోగులకి పెట్టింది యూపీఎస్. ఇంత చెప్పి ముందుకి పొండి, లేకపోతే ముప్పావు గంటా దీనికే పోతుంది.

ఇప్పుడు నష్టం చెప్పండి. సంఘం నాయకులం ఇక్కడే గొంతు తగ్గిస్తాం, అది తప్పు. పని చేయని రోజుకి జీతం రాదు. నెలకి 90,000 వచ్చేవారికి ఐదు రోజులంటే 15,000 పోయినట్టే. సమ్మె చేయడం ప్రభుత్వ ఉద్యోగి హక్కు కాదని సుప్రీంకోర్టు 2003లో తమిళనాడు కేసులో చెప్పింది. ఆ ఏడాది అక్కడ సమ్మె చేసిన లక్షకు పైగా ఉద్యోగుల్ని ఒక్క దెబ్బతో తీసేశారు. తర్వాత చాలామందిని వెనక్కి తీసుకున్నారు గానీ, ఆ మధ్య రోజులు ఎలా గడిచి ఉంటాయి? ఇవన్నీ చెప్పాక కూడా చెయ్యెత్తినవాళ్ళే చివరిదాకా నిలుస్తారు.

అప్పుడు మాట్లాడనివ్వండి, చిన్నవాళ్ళతో మొదలుపెట్టి. పెద్దవాళ్ళు ముందు మాట్లాడితే చిన్నవాళ్ళు తలూపేస్తారు. మొన్న మా దగ్గర కొత్తమ్మాయి ఒకటే అంది: "అక్కా, నేను రిటైరయ్యేది 2060లో. ఈలోగా ఎన్ని స్కీములు మారతాయో. ప్రొబేషన్ మాత్రం ఇప్పుడే ఉంది." 2012 మాస్టారు వినతిపత్రాలిచ్చి చేతులు నొప్పెడుతున్నాయని, సమ్మె తప్ప దారి లేదని అన్నారు. హెడ్‌మాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఏటమ్మా, మీకు పింఛనీ రాకపోతే నాకేటి సుఖం? కానీ దిగిపోయే ముందు సర్వీస్ రిజిస్టర్లో ఎర్రసిరా పడితే నా ఫైలు కదల్దు గదమ్మా" అన్నారు. ముగ్గురూ నిజమే చెప్పారు.

ఇక నేను చెడగొట్టిన మీటింగు. 2022 జనవరి. పీఆర్సీ (జీతాల సవరణ) మీద ఆందోళన, డిమాండ్లలో సీపీఎస్ రద్దు కూడా ఉంది. ఫిబ్రవరి 7 నుంచి సమ్మె అన్నారు. సంతకాల కాగితం టేబుల్ చుట్టూ తిరిగి ఒక మేడమ్ దగ్గర ఆగింది. ఆవిడ పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి, కాగితం పక్కవారి వైపు జరిపారు. నేను అందరి ముందూ, "రేపు మా వల్ల వస్తే మాత్రం తీసుకుంటారు కదా" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. తినే డబ్బా మూత పెట్టి, కడుక్కోకుండానే సంచిలో వేసుకుని క్లాసుకి వెళ్ళిపోయారు. భర్తకి డయాలసిస్ జరుగుతోందని, జీతంలో ఒక్కరోజు తగ్గినా ఇల్లు గడవదని తర్వాత తెలిసింది. కిడ్నీ జబ్బులతో అల్లాడే ఉద్దానం పక్కన ఉద్యోగం చేస్తూ నాకా ఆలోచనే రాలేదు. ఇంతకీ ఫిబ్రవరి 5 రాత్రి చర్చలయ్యాయి, సమ్మె విరమించారు. ఆ ఒప్పందం మీద ఉపాధ్యాయ సంఘాలు మండిపడ్డాయి, అది వేరే కథ. జరగని సమ్మె కోసం నేను ఆ మాట అన్నాను.

అందుకే ఇప్పుడు కాగితం తిప్పను. చీటీలు వేయిస్తాను. ఒకే సైజు కాగితాలు, ఒకే రంగు పెన్ను (మా తెలుగు మాస్టారి ఆకుపచ్చ సిరా చూస్తే ఎవరిదో తెలిసిపోతుంది). చీటీలో మూడు మాటలు: వస్తాను, రాను, రాను గానీ వేరేగా తోడుంటాను. మూడోది తప్పకుండా పెట్టండి. అది పెట్టిన మొదటిసారే 14 మందిలో ఆరుగురు దాన్ని రాశారు. అంతకుముందు వాళ్ళంతా "రాను"లో ఉండేవాళ్ళు. వేరేగా అంటే నల్ల బ్యాడ్జీ, భోజన విరామంలో నిరసన, ఆదివారం కలెక్టరేట్ దగ్గర ధర్నాకి రావడం, జీతం కోతపడ్డవారికి చందా. పేర్లు అడగొద్దు, లెక్క చెబితే చాలు. రానివాళ్ళ పేర్లు గ్రూపులో పెట్టమని పై నుంచి ఎవరైనా అడిగినా పెట్టకండి.

పిల్లల సంగతి రాసిపెట్టుకోండి. బడికి ఎవరు ఉంటారు, తాళం ఎవరి దగ్గర, వంట ఏజెన్సీ వాళ్ళకి ఎంతమందికి వండాలో ఎవరు చెబుతారు. పదో తరగతి రివిజన్ నడుస్తుంటే తల్లిదండ్రులకి మనమే ముందు చెప్పాలి. వాళ్ళలో చాలామందికి ఏ పింఛనూ లేదు. జీడిపిక్కలు కొట్టే ఆవిడ దగ్గరికెళ్ళి నా యాన్యుటీ గోడు వెళ్ళబోసుకోలేను. పోయిన క్లాసులు ఏ ఆదివారాల్లో చెబుతామో తేదీలతో సహా చెప్పి వస్తాను.

సమ్మె జరిగినా ఆగినా, మర్నాడు బడికి అందరికన్నా ముందు వెళ్ళి ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కూర్చోండి. ఆ మేడమ్ ఇంకా మా బళ్ళోనే ఉన్నారు. నా డబ్బాలో కూర ఇప్పటికీ వేసుకోరు. సెప్టెంబరు 1న నల్ల బ్యాడ్జీలు పెట్టుకునేటప్పుడు మాత్రం పిన్నీసులు ఆవిడ పర్సులోంచే వస్తాయి.